లాటు మారితే డిటో చెల్లదు

సంజీవయ్యను చంపింది లారీ అని పోలీసులు రాసుకున్నారు. లారీ ఎవరు తోలారో రాసుకోలేదు. ఫారంలో ఆ గడి లేదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డులో, శిరివెళ్ల మలుపు దగ్గర, పట్టపగలు పదకొండు గంటలకి జరిగింది. సంజీవయ్య కొండకోన ఆరోగ్య ట్రస్టులో ప్రోగ్రామరు. అతని స్కూటర్ డిక్కీలో పదమూడు పేజీల నోట్ ఒకటి ఉండాలి. పన్నెండు పేజీలే దొరికాయి.

"పదమూడో పేజీ కావాలి," అన్నాడు దేవరాజు.

హైదరాబాదులో బోర్డు లేని ఆఫీసది. దేవరాజు దానికి చీఫ్. ఎదురుగా నిలబడ్డవాడు యోబు, వయసు నలభై మూడు, ఏజెంట్ నంబర్ పంతొమ్మిది. పుట్టింది ఆళ్లగడ్డ పక్కనే. తన ముందున్న పద్దెనిమిది మంది ఏమయ్యారని అతను ఎప్పుడూ అడగలేదు.

"ఆయుధాలా సార్?"

"పాముకాటు ఇంజెక్షన్లు. కోబాల్ట్ గ్రూపని ఒక విదేశీ ముఠా. గడువు తీరి పారేసిన వయల్స్ కొని, కొత్త లేబుల్ అంటించి, అడవి పల్లెలకి తోలుతోంది. పోయిన నెల రుద్రవరం అవతల చెంచు గూడెంలో ఒకాయనకి పది ఎక్కించారు. పేరు చెంచయ్య. నీళ్ళెక్కించినా అంతే జరిగేది."

"సరుకు పట్టుకుందాం."

"ఏమని? లేబుల్ ఉంది. ల్యాబ్ రిపోర్టు ఉంది. మన చేతికి దొరికేది ఫైలొక్కటే." దేవరాజు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ట్రస్టు ఈ ఏడాది, అంటే రెండువేల మూడు నుంచి, కాగితాలు మానేసింది. సరుకు జాబితా ఎక్స్ఎంఎల్ ఫైలుగా వస్తుంది. భయపడకు. ప్రతి ముక్కకీ అటూ ఇటూ పేరు తగిలించిన జాబితా, అంతే. ఇది లాట్ నంబరు, అంటే మందు ఏ విడతలో తయారైందో, ఇది గడువు తేదీ, అని. ఫైలు సరిగ్గా ఉంటే కంప్యూటరు ఓకే అంటుంది, పెట్టెల సీలు విప్పుతారు. మధ్యలో మనిషి చూసేది లేదు."

"సరిగ్గా ఉండటమంటే ఏమిటో కంప్యూటరుకి ఎవరు చెబుతారు?"

"అదీ ప్రశ్న. చెప్పడానికో భాష కావాలి. స్కీమా లాంగ్వేజ్ అంటారు. అలాంటివి నాలుగున్నాయట. గురువారం నంద్యాలలో ట్రస్టు కమిటీ కూర్చుని ఒకటి ఎంచుకుంటుంది. ఏది ఎంచుకోవాలో సంజీవయ్య పదమూడో పేజీలో రాశాడు. ఆ పేజీ కాపీ తన యూపీఎస్‌లో దాచానని చనిపోయే ముందురోజు నాకు ఫోన్ చేశాడు."

బాంబులు విప్పడంలో, రెండు దేశాల పాస్‌పోర్టులు గీయడంలో ట్రైనింగ్ అయిన మనిషి యోబు. ఫైళ్ళకి ఏ భాష బాగుంటుందో చూడ్డానికి పంపుతారని కలలో కూడా అనుకోలేదు. అయినా సామాను తీసుకున్నాడు. ఒక కెమెరా పెన్ను ఇచ్చారు, అది రాస్తుంది కానీ ఫోటో తియ్యదు. లోపల ట్రాన్స్‌మిటర్ ఉన్న మల్టీమీటర్ ఇచ్చారు, దాని రేంజి పక్కగది దాకా. కవర్, అంటే పైకి వేషం: యూపీఎస్ మెకానిక్.

"అక్కడ మన మనిషి ఒకామె ఉంది. భ్రమరాంబిక. కమిటీకి కన్సల్టెంట్. కోబాల్ట్ కూడా ఆమెని తమ మనిషనే అనుకుంటోంది."

"ఆమె ఎవరి వైపు సార్?"

"మాకు తెలీదు. ఆమెకి తెలిసే ఉంటుందని ఆశ," అన్నాడు దేవరాజు.

*

గురువారం పదిన్నరకి నంద్యాలలో, ట్రస్టు ఆఫీసు కంప్యూటర్ గదిలో, యోబు నేలమీద బాసింపట్టు వేసుకుని సంజీవయ్య యూపీఎస్ మూత విప్పాడు. కాపీ ఉంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫ్లాపీ. సంజీవయ్య దాన్ని ఎవరికీ కనిపించకూడదని ట్రాన్స్‌ఫార్మర్ వెనక అతికించాడు. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంతం లాంటిదే కదా, వారం రోజుల్లో ఫ్లాపీలో ఉన్నదంతా తుడిచిపెట్టేసింది. డ్రైవులో పెడితే కుర్‌మని గొణిగి, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడిగింది. పాపం, సాఫ్ట్‌వేర్ మనిషి. మిగిలింది ఫ్లాపీ లేబుల్ మీద బాల్‌పెన్నుతో రాసిన రెండు మాటలు.

"నాలుగోది: స్కీమట్రాన్."

అదేమిటో యోబుకి తెలీదు. చేతిలో ఉన్న పన్నెండు పేజీల్లో ఆ మాట లేదు.

పక్కగదిలో కమిటీ మొదలైంది. తలుపు సందులోంచి భ్రమరాంబిక కనిపిస్తోంది. నీలం షిఫాన్ చీర, నెత్తి మీదికి తోసుకున్న నల్ల కళ్ళద్దాలు. ఆమె మాట్లాడుతుంటే కమిటీలో ఏడుగురు పెద్దమనుషులూ టీ చల్లారబెట్టుకున్నారు.

"ముందు అందరూ పొగిడే ఎక్స్ఎంఎల్ స్కీమా చూద్దాం సార్. గడిలో ఏ రకం విలువ ఉండాలో ఇది పట్టిపట్టి అడుగుతుంది. తేదీ అంటే తేదీనే. మన యాభై నాలుగు కేంద్రాల ఫైళ్ళూ దీంతో చెక్ చేశాను." ఎంటర్ నొక్కింది. తెర ఎర్రబడింది. "యాభై నాలుగూ ఫెయిల్."

"ఎందుకని?" చైర్మన్ ఉలిక్కిపడ్డాడు.

"గడువు తేదీ గడిలో తేదీ లేదు. డిటో అని ఉంది."

గదిలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. స్టోర్ రిజిస్టర్లు రాసేది అట్లాగే. మొదటి వరసలో తేదీ వేస్తారు, కింద అదే అయితే డిటో కొట్టి దిగుతారు. ఆ రిజిస్టర్లని కంప్యూటరులోకి ఎక్కించిన కుర్రాళ్ళకి కళ్ళకి కనిపించింది కనిపించినట్టు కొట్టమని చెప్పారు. వాళ్ళు డిటోలతో సహా కొట్టారు.

"ఇప్పుడు యాభై నాలుగు ఊర్లదీ మళ్ళీ రాయించాలంటే ఉగాది వస్తుంది," అన్నాడు చైర్మన్. "ఇంకోటి ఏదో ఉందన్నారే, రిలాక్సో ఏదో?"

"రిలాక్స్ ఎన్‌జీ. రాసుకోవడానికి హాయిగా ఉంటుంది. ఏ గడి తర్వాత ఏ గడి అన్నది చక్కగా చెబుతుంది. తేదీలు చూడమంటే మాత్రం ఎక్స్ఎంఎల్ స్కీమా దగ్గర అరువు తెచ్చుకుంటుంది. అప్పుడూ డిటో ఫెయిలే. ఇక మిగిలింది డీటీడీ. పాతది, సింపుల్. గడి ఉందా లేదా చూస్తుంది. గడిలో ఏముందో అడగదు."

మళ్ళీ ఎంటర్. యాభై నాలుగూ పాస్. వాటి వెనకే యాభై అయిదోది కూడా పాస్ అయింది. అది సప్లయర్ పంపిన కొత్త ఇంజెక్షన్ల ఫైలు. తొమ్మిది వరసలు. మొదటి వరసలో గడువు తేదీ ఉంది. కింద ఎనిమిదీ డిటోలు.

కమిటీ డీటీడీకి చప్పట్లు కొట్టింది. నాలుగోది ఏమిటని ఒక్కరూ అడగలేదు. కొత్త పద్ధతిలో మొదటి విడుదల రేపు సాయంత్రం అయిదుకి, ఆళ్లగడ్డ క్లినిక్‌లో, భ్రమరాంబిక చేతుల మీదుగా అని తీర్మానం రాసుకున్నారు. యోబు మల్టీమీటరులో ఆ సంగతి దేవరాజుకి పంపాడు. అది పక్కగది దాకా వెళ్ళింది. చివరికి ఎస్‌టీడీ బూత్ వెతుక్కుని ఫోన్ చేస్తే, "ఎట్లాగో ఆపు, పైనుంచి ఆర్డరు మాత్రం రాదు," అన్నాడు చీఫ్.

*

మర్నాడు పొద్దున్నే మోపెడ్ మీద ఆళ్లగడ్డ చేరాడు యోబు. క్లినిక్ రుద్రవరం రోడ్డులో ఉంది. ముందు వరండా, లోపల ఒక కంప్యూటరు, ఒక ఫ్రిజ్. ఫ్రిజ్‌లో సీలు వేసిన తొమ్మిది పెట్టెలు. కవర్ చెడకుండా అతను ముందు యూపీఎస్ విప్పి, బ్యాటరీ మార్చి, నిజంగానే బాగుచేశాడు. అది మూడేళ్ళుగా పనిచెయ్యడం లేదు.

స్టోర్ చూసుకునే రామసుబ్బమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ముప్ఫై ఏళ్ళుగా రిజిస్టర్లు ఆమెవే. యోబు మాటల్లో పెట్టి, తాను నంద్యాలలో ప్రింటు తీసుకొచ్చిన యాభై అయిదో ఫైలు ఆమె ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, ఈ లిస్టు ఎట్లుంది?"

ఆమె కళ్ళజోడు సర్దుకుని ఒక్కో వరసా వేలితో తడిమింది. వేలు రెండో వరస దగ్గర ఆగిపోయింది.

"ఇది రాసినోడు మా తట్టు మనిషి గాదప్పా."

"ఎట్లా తెలుసు?"

"సూడు. ఈడ లాటు మారింది. ఈడ మళ్లా మారింది. వరసకో లాటు ఉండాది. లాటు మారితే డిటో కొట్టగూడదు. గడువు అదే అయినా సరే, మళ్లా రాయాల. నేను కొలువులో చేరిన దినం మా పెద్దగుమాస్తా నేర్పిచ్చిన మొదటి మాట అది."

"అందరూ అట్లే రాస్తారా?"

"యాభై నాలుగు రిజిస్టర్లూ తిరగేసుకో. యాడన్నా తప్పుంటే ఈ కుర్చీ దిగిపోతా. మందు అప్పా ఇది. బెల్లం గాదు."

యోబు చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. కోబాల్ట్ వాళ్ళు ఈ ఊళ్ళ డిటో చూసి నేర్చుకున్నారు. డిటోకి ఒక కట్టుబాటు ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు సంజీవయ్య ఏమి వెతికాడో అర్థమైంది. డీటీడీకి గడి ఉంటే చాలు. ఎక్స్ఎంఎల్ స్కీమా గడిలోకి చూస్తుంది కానీ ఏ డిటోనైనా తిట్టి పంపుతుంది. కావలసింది ఈ వరసనీ పై వరసనీ పక్కపక్కన పెట్టి చూసే భాష. దాని పేరు ఫ్లాపీ లేబుల్ మీద ఉంది. రాయడం వచ్చినవాడు శిరివెళ్ల మలుపులో పోయాడు. యోబుకి ఏడుపొచ్చినంత పనయింది.

*

నాలుగుంపావుకి తెల్ల సుమో వచ్చి ఆగింది. భ్రమరాంబిక దిగింది. ఆమెతో వచ్చిన ఇద్దరు మగవాళ్ళు బండిలోనే కూర్చున్నారు.

"మేడమ్, బ్యాటరీ వీకుగా ఉంది," అన్నాడు యోబు, చీఫ్ చెప్పిన కోడ్ ప్రకారం.

"నీళ్ళు పోస్తే సరిపోతుందా, మార్చాలా?" అంది ఆమె, కోడ్ ప్రకారమే.

"మార్చాలి."

ఇద్దరూ కంప్యూటర్ గదిలోకి నడిచారు. అతను గొంతు తగ్గించి అడిగాడు. "స్కీమట్రాన్ తెలుసా మీకు?"

"పదమూడో పేజీ డిక్కీలోంచి తీసింది నేనే." ఆమె కళ్ళద్దాలు తియ్యలేదు. "లారీ సంగతి నాకు ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో నన్నడక్కండి. నాకే తెలీదు."

"నలభై నిమిషాలుంది."

"బయట ఉన్నవాళ్ళు నా డ్రైవర్లు కారు, యోబుగారూ. నేను ఎంటర్ నొక్కుతానో లేదో చూడ్డానికి వచ్చారు."

అంతలో వరండాలో ఆటో ఆగింది. ఒక చెంచు ఆడమనిషి, ఆటోవాడు కలిసి ఒక పాతికేళ్ళ మనిషిని దించారు. ఎడమకాలు మోకాలిదాకా ఉబ్బి నల్లబడింది. ఆమె ఈశ్వరి. పోయిన నెల చనిపోయిన చెంచయ్య భార్య. పడుకోబెట్టినవాడు ఆమె తమ్ముడు శివకుమార్. తేనెకి పోయి, పొదలో కాలు పెట్టాడు.

డాక్టర్ వెంకటేష్ పరుగున వచ్చాడు. కాటు చూశాడు, నాడి చూశాడు, ఫ్రిజ్ వైపు చూశాడు. "పాత స్టాక్ ఒక్కటీ లేదు. చుట్టుపక్కల ఎక్కడా లేదు, పొద్దున్నుంచి ఫోన్లు చేస్తాండా. కర్నూలు చేరేసరికి మనిషి దక్కడు. అయిదుకి ఇవి రిలీజ్ అవుతాయి, అవగానే పది ఎక్కిస్తాను."

"యావి?" అంది ఈశ్వరి. "ఆ పెట్టెలోవా?"

"అవేమ్మా."

"మా ఆయప్పకీ అట్లాంటివే ఏస్తిరి. పది ఏస్తిరి. నేను ఎంచుకుంటా కూసున్యా. తెల్లారకముందే పాయ." ఆమె అరవలేదు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడు మా తమ్మునికీ అవే ఏస్తారా?"

యోబు ఇక కవర్ సంగతి వదిలేశాడు. "డాక్టర్, ఆ పెట్టెల్లో చాలావరకు చచ్చిన మందు. ఎక్కించొద్దు."

"నువ్వెవరప్పా?"

యోబు జేబులోంచి ఐడీ కార్డు తీసి చూపించాడు. రహస్యం బయటపడకుండా డిపార్ట్‌మెంట్ వాళ్ళు దాని మీద "గ్రామీణ గణాంకాలు" అని అచ్చువేశారు. డాక్టర్ దాన్ని తిరిగిచ్చేశాడు. "ల్యాబ్ రిపోర్టుంది, ఫైలుంది. కంప్యూటరు తప్పంటే ఆపుతా. నువ్వు చెప్తే ఆపలేను. పోయి యూపీఎస్ చూసుకో."

భ్రమరాంబిక గది గడప దగ్గర నిలబడి ఇదంతా విన్నది. కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు, వారం రోజులుగా నిద్ర లేనట్టు.

"నేను సున్నిపెంట డ్యామ్ క్వార్టర్స్‌లో పెరిగాను," అంది, ఎవరితోనో తెలీదు. "మా ఇంట్లో పని చేసినామె ఈమె లాగే మాట్లాడేది." కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. "రామసుబ్బమ్మగారూ, ఇట్లా రండి. మీ డిటో రూలు ఒక్కసారి మెల్లగా చెప్పండి."

గోడ గడియారంలో నాలుగు నలభై ఏడు.

"లాటు పై వరసది గాకుంటే," అంది రామసుబ్బమ్మ, "గడువు గడిలో డిటో ఉండగూడదు."

ఆమె చెప్పింది చెప్పినట్టు భ్రమరాంబిక స్కీమట్రాన్‌లో కొట్టుకుంటూ పోయింది. వరస తీసుకో. దాని పై వరస చూడు. లాట్ వేరైతే, గడువు డిటో కాకూడదు. అయితే తప్పని చెప్పు. నాలుగంటే నాలుగు లైన్లు.

"కమిటీ డీటీడీ కదా ఎంచుకుంది?" అన్నాడు యోబు.

"డీటీడీ పాస్ కావాలని రాశారు. ఇంకేదీ ఉండకూడదని రాయలేదు. ఇది దాని పక్కన నిలబడుతుంది, దాన్ని కదిలించదు."

నాలుగు యాభై ఆరుకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ గురక ఆగింది. యూపీఎస్ కుయ్‌మని అరిచి, కంప్యూటరును పట్టుకుంది. ఆ రోజంతటిలో యోబు కచ్చితంగా చేసిన పని అదొక్కటే.

"ఎంతసేపు?"

"ఏడు నిమిషాలు. కొత్త బ్యాటరీ."

సుమోలోంచి ఒకడు దిగి వరండా మెట్లెక్కాడు. సరిగ్గా అయిదుకి, అతను చూస్తుండగానే, భ్రమరాంబిక ఎంటర్ నొక్కింది. డీటీడీ పాస్ అని వచ్చింది. అతను తల ఊపాడు. వెంటనే తెర మీద ఇంకో వరస దిగింది.

"వరస 2: లాట్ మారింది, డిటో చెల్లదు."

దాని కింద మూడు. నాలుగు. తొమ్మిది దాకా ఎనిమిది తప్పులు. విడుదల నిలిపివేయబడింది. మొదటి వరస ఒక్కటే శుభ్రం.

మనిషి మాట వినని డాక్టర్ తెరని రెండుసార్లు చదివాడు. మొదటి లాట్ పెట్టె ఒక్కటీ విప్పాడు. అది నిజమైన మందు. ల్యాబ్ వాళ్ళకి చూపించడానికే ముఠా కొన్న పెట్టె. పది ఉండాల్సిన చోట ఆరున్నాయి. నాలుగు ల్యాబ్‌కి పోయాయి.

"ఆరు సరిపోవు," అన్నాడు డాక్టర్. చేతులు మాత్రం ఆగలేదు.

ఈశ్వరి తమ్ముడి పక్కన కూర్చుని వేళ్ళు ముడుస్తూ ఎంచింది. ఒకటి. రెండు. ఆరు దగ్గర వేళ్ళు అట్లాగే పట్టుకుంది.

వరండా మెట్ల మీద నిలబడ్డవాడు భ్రమరాంబికని చూసి బండి వైపు చెయ్యి చూపించాడు.

"వెనక గోడ దూకితే నా మోపెడ్ ఉంది," అన్నాడు యోబు, పెదవులు కదలకుండా.

"సుమోని దాటేంత స్పీడు మీ డిపార్ట్‌మెంట్ ఇస్తుందా?"

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. "కంప్యూటర్ ఆపిందనే చెబుతాను. ఇక్కడ అందరూ నమ్మారుగా," అని మెట్లు దిగింది. తెల్ల బండి నంద్యాల రోడ్డు ఎక్కింది. యోబు మోపెడ్ మీద వెంటపడ్డాడు. బస్టాండు దాటకముందే అది కనుమరుగైంది.

*

శివకుమార్ బతికాడు. కాలు మోకాలి కింద తీసేశారు. "మనిషి ఉండాడు, సాలు," అంది ఈశ్వరి. ఆగిపోయిన ఎనిమిది పెట్టెల్నీ సప్లయర్‌కి మర్యాదగా వాపసు పంపారు. అవి ఇప్పుడు ఇంకే జిల్లాలో ఉన్నాయో ఎవరికీ తెలీదు. సోమవారం కమిటీ కూర్చుని, తీర్మానంలో లేని నాలుగు లైన్లు ఎవరు చేర్చారని కోప్పడి, వాటిని తీయించేసింది. రామసుబ్బమ్మ వచ్చే జాబితాల్ని చేత్తో చూస్తానంది. చేత్తో చూడ్డానికి పోస్టు లేదన్నారు. అయినా చూస్తోందట.

యోబు హైదరాబాదు వెళ్ళి చీఫ్ ముందు నిలబడ్డాడు. దేవరాజు కంప్యూటరులో ఆ నెల మరణాల ఫారం తెరిచి ఉంది. మొదటి వరస: సంజీవయ్య, శిరివెళ్ల మలుపు, ప్రమాదం. రెండో వరస: భ్రమరాంబిక, డిటో, డిటో.

"ఆమె మన వైపేనని తేలింది," అన్నాడు దేవరాజు. "సంతకం పెట్టు."

"డిటో చెల్లదు సార్. మనిషి మారింది."

"రెండూ ఒకటేగా, యోబు?"

"ఒకటే అయినా మళ్ళీ రాయాలి."

చీఫ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. యోబు కుర్చీలో కూర్చుని, రెండో వరసలో శిరివెళ్ల మలుపు అని మళ్ళీ రాశాడు. కారణం గడిలో డిటో చెరిపి, హత్య అని కొట్టాడు. పై వరసలో ప్రమాదం చెరిపి, అక్కడా ఆ మాట పూర్తిగా కొట్టాడు. ఎంటర్ నొక్కాడు.

తెర ఎర్రబడింది. ఫైలు చెల్లదు. కారణం గడిలో ఉండదగిన విలువలు నాలుగే: వ్యాధి, వృద్ధాప్యం, ప్రమాదం, డిటో.

"మన ఆఫీసు కమిటీ కూడా పోయిన వారమే కూర్చుంది," అన్నాడు దేవరాజు, కిటికీ దగ్గర్నుంచి తిరక్కుండానే. "ఉన్న భాషల్లో అన్నిటికన్నా స్ట్రిక్టయింది ఎంచుకున్నారు."